సయ్యద్ అబ్దుల్ రహీము

సాయంకాలము బడి గంట మ్రోగిన వెంటనే బాలురు మైదానమునకు పరుగెత్తుట మనము నిత్యము చూచుచున్న దృశ్యమే. తిరువూరు వంటి చిన్న పట్టణమునందైనను, మారుమూల పల్లెయందైనను ఒక్క బంతి యున్న చాలును. ఇరువదిమంది బాలురు నిమిషములో చేరుదురు. ధనవంతుని కుమారుడును, కూలివాని కుమారుడును అక్కడ సమానులే. ఇంత తక్కువ వ్యయముతో ఇంతమందికి ఆనందము గూర్చు ఆటలలో ఫుట్‌బాలు మొదటిది. అందుచేతనే అది లోకమంతటను వ్యాపించినది.

దక్షిణ అమెరికా ఖండమున ఈ ఆటకు గల ఆదరణ చెప్పనలవికాదు. అర్జెంటీనా దేశపు రాజధానియైన బ్యూనస్ ఎయిర్స్ నగరమున, రేవు ప్రక్కనున్న ఒక పేటలో, ఇటలీనుండి వలస వచ్చిన కుటుంబముల యువకులు కొందరు 1905వ సంవత్సరమున బోకా జూనియర్స్ అను క్లబ్బును స్థాపించిరి. బ్రెజిలు దేశమున కాఫీ ఎగుమతికి పేరుపొందిన శాంతోస్ పట్టణమున 1912లో ఆ పట్టణము పేరనే మరియొక క్లబ్బు వెలసెను. జగత్ప్రసిద్ధుడైన పెలే ఆ క్లబ్బుననే పెరిగి పెద్దవాడయ్యెను. ఆ దేశములలో ఒక క్లబ్బు చరిత్ర యనగా ఒక పేట చరిత్ర. ఆ పేటలోని పేదపిల్లల చరిత్ర. అటువంటి క్లబ్బు మన తెలుగునాట కూడ ఒకటి వెలసి, దేశమంతటను పేరు గాంచినదనియు, దానిని తీర్చిదిద్దినవాడు ఒక బడిపంతులనియు నేటి బాలురలో పెక్కుమందికి తెలియదు. ఆ క్లబ్బు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. ఆ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీము.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఆనాడు హైదరాబాదు నిజాము ఏలుబడిలోని సంస్థానము. నగరమునకు ఆనుకొనియున్న సికింద్రాబాదు దండు ప్రదేశమున ఆంగ్లేయ సైనికులు నివసించుచుండిరి. తీరిక వేళలందు వారు తమ దేశపు ఆటయైన ఫుట్‌బాలు ఆడుచుండిరి. ఆ ఆట దండునుండి నగరమునకు ప్రాకెను. క్రమముగా పేటపేటను జట్లు బయలుదేరెను. అట్టి కాలమున పెరిగిన బాలుడు రహీము.

ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రుడయ్యెను. చదువుకొను దినములలోనే విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి మంచి ఆటగాడని పేరు తెచ్చుకొనెను. పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగుచోట్లనున్న పాఠశాలలలో పనిచేసెను. పాఠము చెప్పుటతో తృప్తి పడక, వ్యాయామ విద్యయందు డిప్లొమా కూడ పొంది, బాలుర ఆటపాటల బాధ్యతను తానే వహించెను. ఆ కాలమున వ్యాయామోపాధ్యాయుడనగా కవాతు చేయించువాడని మాత్రమే పలువురు తలచుచుండిరి. రహీము అట్లు తలపలేదు. గణితమునకును, వ్యాకరణమునకును ఒక క్రమమున్నట్లే ఆటకును ఒక క్రమము కలదనియు, దానిని మెట్టు మెట్టుగా నేర్పవచ్చుననియు ఆయన నమ్మెను. ఆ నమ్మకమే ఆయన జీవితమునకు మూలధనము.

1943వ సంవత్సరమున రహీము హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. 1950వ సంవత్సరమునుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ జట్టులో నాడువారు సామాన్య కుటుంబములనుండి వచ్చి పోలీసు కొలువులో చేరినవారు. జీతములు స్వల్పములు. శరీరములు కూడ మరీ పెద్దవి కావు. అట్టివారిని దేశమునందలి మేటి జట్లకు దీటుగా నిలుపుట సామాన్యమైన పని కాదు.

ఏలయనగా ఆ దినములలో భారతదేశపు ఫుట్‌బాలుకు కలకత్తా నగరము రాజధాని వంటిది. 1889లో స్థాపింపబడిన మోహన్ బగాన్ జట్టు 1911లో ఆంగ్లేయుల సైనిక జట్టును ఓడించి షీల్డును గెలుచుకొన్న నాటినుండి వంగదేశీయుల కీర్తి దశదిశల వ్యాపించెను. మహమ్మదన్ స్పోర్టింగు, ఈస్ట్ బెంగాల్ అను జట్లు కూడ దానికి తీసిపోనివి. దక్కను పీఠభూమినుండి వచ్చిన పోలీసువారు వారి నెదిరింపగలరని ఎవరును ఊహింపలేదు.

కాని 1950వ సంవత్సరమున సిటీ పోలీసు జట్టు బొంబాయి నగరమున జరుగు రోవర్సు కప్పును గెలుచుకొనెను. అదే పోటీ కాలమున, 1888లో ఆరంభమైన ప్రాచీనమైన డ్యూరాండు కప్పు తుదిపోటీయందు మోహన్ బగాన్ జట్టును ఓడించెను. అది ఒకనాటి అదృష్టమని కొందరు తలచియుండవచ్చును. మరుసటి యేడు రోవర్సు కప్పు మరల హైదరాబాదునకే వచ్చెను. ఆ తరువాతి యేడును అట్లే జరిగెను. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు ఆ కప్పు సిటీ పోలీసుల చేతిలోనే యుండెను. డ్యూరాండు కప్పును ఆ జట్టు 1954లోను, 1957లోను, ఆంధ్ర పోలీసు జట్టు అను పేరుతో 1961లోను తిరిగి గెలుచుకొనెను. అదృష్టము ఒక్కసారి తలుపు తట్టును గాని, ఏండ్ల తరబడి ఇంటనే కాపురముండదు గదా! దాని వెనుక ఒక పద్ధతి యుండవలెను.

ఆ పద్ధతి ఎట్టిదో విద్యార్థులు తెలిసికొనదగినది. సాధారణముగా మనలో పెక్కుమందికి కుడికాలు బలమైనది; ఎడమకాలు బలహీనమైనది. ఆటగాడు బంతి ఎడమవైపునకు వచ్చినపుడు దానిని కుడికాలిమీదికి మార్చుకొనుటకు ఒక క్షణము వృథా చేయును. ఆ క్షణములోనే ప్రత్యర్థి వచ్చి బంతిని లాగికొనును. ఈ లోపమును పోగొట్టుటకై రహీము ఒక వింత పోటీని ఏర్పాటు చేసెను. అందు ఆటగాడు తన బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెను. మొదట నవ్వులపాలైనవారు కూడ కొంతకాలమునకు రెండు కాళ్లతోను సమానముగా ఆడ నేర్చుకొనిరి.

మరియొక పోటీలో, తనకడకు వచ్చిన బంతిని ఒక్క తాకిడితోనే తోడి ఆటగానికి అందింపవలెను. ఇంకొక దానిలో, బంతిని తనవద్దనే యుంచుకొని పలువురిని తప్పించుకొని పోవుట నిషేధము. తన నేర్పును ప్రదర్శింపవలెనను కోరిక ఆటగానికి సహజము. కాని ఒక్కని నేర్పు కంటె పదునొకండుగురి కలయిక గొప్పదని రహీము అభిప్రాయము. బంతి నేలపైననే పోవలెను. చేతులు మారు సొమ్మువలె కాలినుండి కాలికి త్వరగా మారవలెను. బంతి లేనివాడు ఊరక నిలువక ఖాళీస్థలమునకు పరుగెత్తవలెను. పొడుగును, బరువును లేని దక్కను యువకులకు ఈ ఆట చక్కగా అతికెను. బలముతో ఎదిరింపలేనివారిని వేగముతోను, యోచనతోను ఎదిరింపవచ్చునని వారు గ్రహించిరి.

ఇట్లు హైదరాబాదున ఆయన చేసిన కృషి దేశమునకు తెలిసెను. భారతజాతీయ జట్టునకు శిక్షణ నొసగు బాధ్యత ఆయనకు లభించెను. 1951వ సంవత్సరము మార్చి నెలలో మొట్టమొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి నాలుగేండ్లయినను నిండలేదు. శైలేన్ మన్నా నాయకత్వమున మన జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్థానమును ఓడించి, తుదిపోటీలో ఇరానును ఎదుర్కొనెను. మేవాలాల్ వేసిన ఒకే ఒక గోలుతో మన జట్టు గెలిచి బంగారు పతకమును పొందెను.

కాని విజయముల వలన తెలియని సత్యము లొకప్పుడు పరాజయము వలన తెలియును. ఆ కాలమున మన ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేకయే, పాదములకు గుడ్డపట్టీ చుట్టుకొని ఆడుచుండిరి. 1948లో లండను ఒలింపిక్ క్రీడలందు కూడ అట్లే ఆడి, ఫ్రాన్సుతో ఒక గోలుకు రెండు గోళ్ల తేడాతో ఓడినను ప్రేక్షకుల మన్ననలు పొందిరి. దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశమున 1950లో జరిగిన ప్రపంచ కప్పు పోటీలకు మన దేశమునకు అర్హత లభించినను జట్టు పోలేదు. బూట్లు లేనందుననే పోలేదని లోకమున ఒక కథ కలదు గాని, అది పూర్తిగా నిజము కాదు. దూరప్రయాణమును, ఒలింపిక్ క్రీడలే ముఖ్యమని మన సంఘమువారు తలచుటయు అందుకు కారణములలోనివి.

1952వ సంవత్సరమున ఫిన్లండు దేశపు రాజధాని హెల్సింకి నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. జూలై నెలలోనైనను అక్కడ చలి యెక్కువ. మన జట్టునకు యుగోస్లావియాతో పోటీ ఏర్పడెను. మనవారిలో పలువురు చల్లని నేలపై పాదరక్షలు లేకయే నిలిచిరి. ప్రత్యర్థులు బలిష్ఠులు, బూట్లు ధరించినవారు, వ్యూహము తెలిసినవారు. ఆట ముగియునప్పటికి యుగోస్లావియా పది గోళ్లు వేసెను. మనవారు వేసినది ఒక్కటి.

అంతటి ఘోరపరాజయము పొందిన శిక్షకుడు రెండు విధములుగా ప్రవర్తింపవచ్చును. చలిని, నేలను, రెఫరీని, అదృష్టమును నిందించి ఊరకుండవచ్చును. లేదా తన లోపమేదో తానే వెదకుకొనవచ్చును. రహీము ఉపాధ్యాయుడు. పరీక్షలో తప్పిన విద్యార్థి ఉత్తరపత్రమును ఎదుట పెట్టుకొని ఎక్కడెక్కడ పొరబాటు జరిగినదో చూపుట ఆయన వృత్తి. ఆ వృత్తిధర్మమునే ఇచ్చట కూడ పాటించెను. ఆ ఓటమి తరువాత మన దేశమున బూట్లు ధరించి ఆడవలెనను నియమ మేర్పడెను. కాళ్లకు బూట్లు తొడిగినంత మాత్రమున చాలదని రహీము గ్రహించి ఆటవ్యూహమును కూడ మార్చెను.

1953వ సంవత్సరమున హంగేరీ జట్టు ఇంగ్లండునకు పోయి, ఆ దేశపు జట్టును ఆరు గోళ్లకు మూడు గోళ్ల తేడాతో ఓడించెను. ముందువరుస నడుమ నుండవలసిన ఆటగానిని కొంచెము వెనుకకు నిలిపి, ప్రత్యర్థి రక్షకుల లెక్క తప్పించుట హంగేరీవారి ఉపాయము. అతనిని పట్టుకొనుటకు రక్షకుడు ముందుకు వచ్చినచో వెనుక ఖాళీ యేర్పడును. రాకున్నచో అతడు స్వేచ్ఛగా బంతిని పంచిపెట్టును. ఎటుచూచినను ప్రత్యర్థికి చిక్కే. రహీము ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించి, మన ఆటగాండ్రకు తగునట్లు మార్చుకొనెను. 1958లో బ్రెజిలు జట్టు వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు వ్యూహముతో ప్రపంచ కప్పును గెలిచినపుడు లోకమంతయు ఆశ్చర్యపడెను. అటువంటి క్రొత్త వ్యూహములను మన దేశమున ముందుగా యోచించి ప్రయోగించినవారిలో రహీము అగ్రగణ్యుడు.

వ్యూహమెంత గొప్పదైనను ఆడువారు కావలెను గదా! ఆటగాండ్రను కనిపెట్టుటలో రహీమునకు రత్నపరీక్షకుని చూపు ఉండెను. సికింద్రాబాదు దాపుననున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అను పేదబాలు డుండెను. అతని ఆటను చూచిన రహీము అతనిని అభ్యాసమునకు హైదరాబాదు రమ్మనెను. దూరమెక్కువ, రాకపోకలకు డబ్బు లేదు. ఆ సంగతి తెలిసి రహీము, బాడుగ సైకిలుకు కావలసిన పైకము తానే ఇచ్చెను. ఆ బాడుగ సైకిలుమీద వచ్చిన బాలుడే తరువాత భారతదేశపు అత్యుత్తమ క్రీడాకారులలో ఒకడై, 1956లోను, 1960లోను ఒలింపిక్ క్రీడలందు ఆడెను. రహీము ఇచ్చిన ధనము కొద్దిపాటిదే. సరియైన సమయమున ఇచ్చుటచే దానికి విలువ గలిగెను.

రాష్ట్ర జట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలలో 1956లోను, 1957లోను హైదరాబాదు జట్టే విజయము సాధించెను. ఆ 1956వ సంవత్సరమే రహీము జీవితమున ఒక మహత్తరమైన ఘట్టము. ఆ యేడు నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించెను. ఆ నెల చివరనే ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్న్ నగరమున ఒలింపిక్ పోటీ లారంభమయ్యెను. భారత జట్టునకు సమర్ బెనర్జీ నాయకుడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, గోలుకీపరు పీటర్ తంగరాజ్ మున్నగు హైదరాబాదు ప్రాంతపు క్రీడాకారులు ఆ జట్టునకు వెన్నెముకగా నుండిరి.

హంగేరీ జట్టు పోటీకి రానందున మనవారు మొదటి మెట్టు ఆడకయే దాటిరి. డిసెంబరు 1వ తేదీన ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను ఎదుర్కొనిరి. తమ నేలపై, తమ ప్రజలయెదుట ఆడుచున్న ఆస్ట్రేలియావారిని మన జట్టు నాలుగు గోళ్లకు రెండు గోళ్ల తేడాతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు వేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలున ఉపాంత్య పోటీకి చేరిన మొదటి ఆసియా దేశము మనదే.

ఆ పోటీలో మనకు ఎదురు నిలిచినది మరెవరో కాదు, యుగోస్లావియాయే. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు వేసిన జట్టే అది. ఈసారి మన ఆటగాండ్ర కాళ్లకు బూట్లు, మనస్సులో వ్యూహము కలవు. మొదటి సగమున ఎవరికిని గోలు రాలేదు. రెండవ సగమున ముందుగా గోలు వేసినది మన డిసౌజా. కొన్ని నిమిషములపాటు భారతదేశము తుదిపోటీ గడపమీద నిలిచెను. పిమ్మట యుగోస్లావియా తేరుకొని నాలుగు గోళ్లు వేసి గెలిచెను. కాంస్య పతకమునకై జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో కూడ ఓడి, మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. పతకము రాలేదు. కాని పది-ఒకటి కాస్త నాలుగు-ఒకటి అయినది. ఆ రెండు లెక్కల నడుమనున్న దూరమే రహీము నాలుగేండ్ల పరిశ్రమ.

1960లో రోము నగరపు ఒలింపిక్ క్రీడలకు పి. కె. బెనర్జీ నాయకత్వమున మన జట్టు పోయెను. అక్కడ హంగేరీతో ఒక గోలు తేడాతో మాత్రమే ఓడెను. ఫ్రాన్సుతో చెరియొక గోలుతో సమానముగా ముగించెను. దక్షిణ అమెరికానుండి వచ్చిన పెరూ జట్టుతో ఒక గోలుకు మూడు గోళ్ల తేడాతో ఓడెను. ఆ జట్టులో రహీము కుమారుడు సయ్యద్ షాహిద్ హకీము కూడ సభ్యుడు. ఆయన తరువాతి కాలమున అంతర్జాతీయ రెఫరీగా పేరు పొంది 2021లో మరణించెను. రోము తరువాత నేటివరకు ఒలింపిక్ ఫుట్‌బాలున మన దేశమునకు మరల స్థానము లభింపలేదు.

ఇంతలో రహీము దేహమున ఒక శత్రువు ప్రవేశించెను. ఆయనకు ఊపిరితిత్తులయందు క్యాన్సరు వ్యాధి సోకెను. శరీరము నానాటికి కృశింపసాగెను. ఐనను 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరుగు ఆసియా క్రీడలకు జట్టును సిద్ధము చేయు పనిని ఆయన విడువలేదు. చుని గోస్వామి నాయకుడుగా ఆ జట్టు బయలుదేరెను.

జకార్తాలో పరిస్థితి మనకు ప్రతికూలముగా నుండెను. ఇజ్రాయేలు, తైవాను దేశముల క్రీడాకారులను ఇండోనేషియా ప్రభుత్వము రానీయలేదు. అది క్రీడాధర్మమునకు విరుద్ధమని భారతీయుడగు గురుదత్త సోంధీ అభ్యంతరము తెలిపెను. అందుపై అక్కడి ప్రజలు ఆగ్రహించి మన రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. మన ఆటగాండ్రు మైదానమున అడుగిడినంతనే ప్రేక్షకులు గేలి చేయుచుండిరి. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోళ్లతో ఓడించెను.

అప్పుడు రహీము జట్టును చెదరనీయలేదు. మనవారు థాయిలాండును నాలుగు గోళ్లకు ఒక గోలు తేడాతోను, జపానును రెండు గోళ్లతోను ఓడించిరి. కాని థాయిలాండుతో ఆడునపుడు రక్షక వరుసకు ప్రాణమువంటి జర్నైల్ సింగు తలకు పెద్దగాయమై ఆరు కుట్లు పడెను. అట్టివానిని రక్షక స్థానమున నిలుపుట ఎట్లు? కళాశాల దినములలో అతడు ముందువరుస నాడినవాడని ఎరిగిన రహీము, అతనిని గోలు వేయువారిలో నిలిపెను. దక్షిణ వియత్నాముతో జరిగిన ఉపాంత్య పోటీలో ఆ గాయపడిన వీరుడు ఒక గోలు వేసెను. మన జట్టు మూడు గోళ్లకు రెండు గోళ్ల తేడాతో గెలిచెను.

తుదిపోటీ సెప్టెంబరు 4వ తేదీన ఏర్పాటయ్యెను. ప్రత్యర్థి మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. ముందునాటి రాత్రి రహీము ఆటగాండ్రను చేరదీసి, తనకు వారినుండి ఒక్కటే కానుక కావలెననియు, అది మరునాటి బంగారు పతకమనియు తెలిపెనని ఆనాటి క్రీడాకారులు తరువాతి కాలమున స్మరించుచుండెడివారు. తమ గురువు రోగపీడితుడని వారికి తెలియును. అంతకంటె అధికముగా చెప్పవలసిన అవసరము లేకపోయెను.

మరునాడు లక్షమంది ప్రేక్షకులతో క్రీడాస్థలము క్రిక్కిరిసెను. ఆ జనసముద్రమంతయు కొరియా పక్షమే. మనకు జయధ్వానము చేసినవారు ఎవరోయని చూడగా, వారు పాకిస్థాను హాకీ ఆటగాండ్రని చెప్పుదురు. జ్వరమునుండి అప్పుడే కోలుకొనిన తంగరాజును రహీము ధైర్యముగా గోలులో నిలిపెను. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు వేసెను. మూడు నిమిషములకే తలకు కట్టుతోనున్న జర్నైల్ సింగు రెండవ గోలు వేసెను. ఆట ముగియుటకు ఐదు నిమిషముల ముందు కొరియావారు ఒక గోలు వేసిరి. తక్కిన నిమిషములు యుగములవలె గడచెను. తుదకు రెఫరీ ఈల వినబడెను. గేలి చేసిన లక్ష కంఠముల నడుమ భారతదేశము ఆసియా విజేతగా నిలిచెను. గురువు కోరిన దక్షిణ శిష్యులు చెల్లించిరి.

హైదరాబాదు తిరిగి వచ్చిన పిమ్మట రహీము ఆరోగ్యము మరింత క్షీణించెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ఏబదిమూడేండ్లే. క్రీడాశిక్షకులకు ప్రభుత్వ మొసగు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు. ఆయన ధనమును కూడబెట్టలేదు. ఆయన సంపాదన యంతయు ఆయన తయారుచేసిన మనుష్యులే.

ఆయన పోయిన పిమ్మట మన ఫుట్‌బాలు దీపము వెంటనే ఆరిపోలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. 1970లో బాంకాకు ఆసియా క్రీడలందు మన దేశమునకు కాంస్యము లభించెను. 1977లో పెలే కలకత్తా వచ్చి ఆడినపుడు, ఎదుటి పక్షమైన మోహన్ బగాన్ తరపున గోలు వేసినవారిలో ఒకడు హైదరాబాదు బిడ్డయైన మహమ్మద్ హబీబ్. కాని దీపమునకు నూనె పోయువారు తగ్గిరి. ఆసియా క్రీడలందు ఫుట్‌బాలు బంగారు పతకము 1962 తరువాత మనకు మరల రాలేదు. ఒకప్పుడు దేశమునంతటిని గెలిచిన పోలీసు జట్టు పేరు కూడ క్రమముగా మరుగున పడెను. 2024లో ఆయన జీవితమాధారముగా 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వెలువడిన పిమ్మట మాత్రమే, హైదరాబాదుననే పెరిగిన అనేకులకు ఆయన పేరు మొదటిసారి వినబడెను.

విద్యార్థులారా! రహీము గొప్ప గోళ్లు వేసి పేరు పొందినవాడు కాడు. పతకములు మెడలో వేసికొని మెట్లమీద నిలిచినవాడును కాడు. మైదానపు అంచున నిలిచి, ఇతరుల విజయమును చూచి ఆనందించినవాడు. అతడు పుస్తకము చదివి వ్యూహము నేర్చెను. ఓటమిని చదివి సత్యము నేర్చెను. పేదబాలుని సైకిలు బాడుగను, జాతి గౌరవమును ఒకే శ్రద్ధతో చూచెను. నేడు మీరు మైదానమున బంతిని తన్నునపుడు బలహీనమైన కాలితో కూడ ఒకసారి తన్ని చూడుడు. మొదట బంతి వంకరగా పోవును; తోడివారు నవ్వుదురు. ఐనను మానక సాధన చేయుడు. బలహీనతను దాచుకొనక దానినే అభ్యసించినవాడు బలవంతుడగునని ఆ ఉపాధ్యాయుడు తన జీవితమంతయు బోధించిన పాఠము. అది ఆటకే కాక చదువునకును, బ్రదుకునకును వర్తించును.